మట్టి మెత్తిన తొర్ర

నా పిట్టల పిచ్చి గురించి మా ఇంట్లో ఎవర్ని అడిగినా ముందు నవ్వుతారు, తర్వాత తిడతారు. మాది గద్వాలలో చీరలు నేసే ఇల్లు. గుంట మగ్గంలోకి కాళ్లు దించి కూర్చున్నానంటే మధ్యాహ్నం అన్నానికి పిలిచేదాకా నా కళ్లు పోగుల మీదే ఉంటాయి. ఆ కళ్లకు సెలవు దొరికేది పెళ్లిళ్ల కాలంలోనే. మగ్గం మా అన్నకు అప్పజెప్పి, చీరల మూట బండి వెనక కట్టుకుని ఊళ్ల మీద పడతాను. వనపర్తి, నాగర్‌కర్నూలు, అక్కణ్ణుంచి ఉప్పునుంతల దాకా పోతాను. సరిగ్గా అప్పుడే అడవి అంచుల్లో మోదుగులు పూస్తాయి, పిట్టలు జత కడతాయి. చీరలమ్మడానికి పోయి పిట్టల్ని చూస్తున్నానో, పిట్టల కోసం పోయి చీరలమ్ముతున్నానో నా భార్యకు ఇప్పటికీ అనుమానమే. నాకైతే అనుమానం లేదు.

మొదట్లో ఉత్త కళ్లతోనే చూసేవాణ్ణి. తర్వాత వనపర్తిలో పెళ్లిళ్ల ఫొటోలు తీసే ఒకాయన కొత్త కెమెరా కొనుక్కుని పాతది మూలన పడేశాడు. దానికి పొడుగాటి లెన్సు ఉంది, దూరాన ఉన్నదాన్ని కళ్లముందుకు తెస్తుంది. ఆయన భార్య మా చీర ఒకటి ఒళ్లో పెట్టుకుని వదలడం లేదు, నేను ఆ కెమెరాను వదలడం లేదు. ఇద్దరికీ కావలసింది దొరికింది. ఇంటికొచ్చి చెబితే నా భార్య, "గా చీరకు నెల దినాలు దారం కండెలు సుట్టింది నేను, ఆట సామాను నీకా?" అంది. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు, మోదుగు పువ్వులో ముక్కు పెట్టి తేనె తాగుతున్న తేనెపిట్ట వీడియో చూపించాను. చాలాసేపు చూసి, "మెడ మీద గా రంగు మన పట్టుల వస్తదా?" అని అడిగింది. ఆనాటి నుంచి నా పిచ్చికి ఇంట్లో సగం అనుమతి.

ఉప్పునుంతల అవతల, అడవిని ఆనుకున్న చేన్లలో ఒక రైతు ఇల్లు ఉంది. ఏటా నా దగ్గరే చీరలు తీసుకుంటారు. ఆ ఇల్లాలిని నేను అక్కా అని పిలుస్తాను. ఆ వరసన ఆయన నాకు బావ అయ్యాడు. బావ అయ్యాక ఆటపట్టించకుండా ఉంటాడా? పైగా ఆయనకు ఆ అవకాశం ఇచ్చింది నేనే.

ఒక దసరాకు పండగ చీరలివ్వడానికి పోయి, బండి చెడిపోయి వాళ్లింట్లోనే ఉండిపోయాను. దసరా సాయంత్రం పాలపిట్టను చూస్తే ఏడాదంతా మంచిదని మా వైపు ఊరూరా చేన్ల వెంట తిరుగుతారు. ఆరోజు ఎవరికీ పిట్ట కనబడలేదు. పిట్టల సంగతి నాకు తెలిసినంత ఎవరికి తెలుసునన్న పొగరుతో గట్టెక్కి నిలబడ్డాను. దూరంగా తుమ్మ కొమ్మ మీద నీలంగా ఏదో రెక్క విప్పింది. "అగో పాలపిట్ట!" అని ఊరు దద్దరిల్లేలా కేకేశాను. ఇంటిల్లిపాదీ పరిగెత్తుకొచ్చి దండం పెట్టారు. అక్క కళ్లు మూసుకుని మొక్కుకుంది కూడా. ఆమె కళ్లు తెరిచేసరికి బావ తుమ్మ దగ్గరికి పోయి దాన్ని పీకి తెచ్చాడు. ఎరువుల సంచి నుంచి చిరిగిన నీలం కవరు ముక్క అది.

"మంచి పిట్టనే జూపిచ్చినవ్ బామ్మర్దీ. జర గుడ్లు గూడ వెడ్తదేమో అడుగు," అన్నాడు.

ఆ కవరును ఆయన పారెయ్యలేదు. వాకిట్లో మేకుకు తగిలించి, వచ్చిన చుట్టాలందరికీ కథ చెప్పాడు. అలా ఆ ఇంట్లో నా మాట పరువు గంగలో కలిసింది. అది అంత నష్టమని అప్పుడు తెలియలేదు. ఫాల్గుణంలో తెలిసింది.

ఒక మంగళవారం నేను వాళ్లింటికి చేరేసరికి ఇల్లంతా హడావుడిగా ఉంది. వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ నాగర్‌కర్నూలు దవాఖానలో ప్రసవించింది. ఆడపిల్ల. శుక్రవారం మధ్యాహ్నానికి తల్లీబిడ్డా ఇంటికి వస్తారు. అక్క గది కడిగించింది, నులక మంచం బిగించింది, వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి పెట్టించింది. పాపను ఉయ్యాల్లో వేసే తొట్టెల నాటికి కూతురికి కట్టించాల్సిన చీర నేను తెచ్చాను. ఆమె దాన్ని విప్పి చూసి మురిసిపోయింది, నాకు చాయ్ ఇచ్చింది. గ్లాసు పట్టుకుని గట్టు వైపు చూస్తూ కూర్చున్నాను.

చేను చివర ఒక పెద్ద వేపచెట్టు ఉంది. తెగులు తగిలి సగం కొమ్మలు ఎండిపోయాయి. దాని మొద్దు మీదికి బూడిదరంగు పిట్ట ఒకటి వచ్చి వాలింది. గద్దంత ఉంటుంది, పొడుగు తోక, మొహానికి పొంతన లేని పెద్ద వంకర ముక్కు, ఆ ముక్కు మీద ఇంకో చిన్న కొమ్ము. హార్న్‌బిల్ అంటారు. దాన్ని నేను అంతకు ముందు రెండు మూడు సార్లు ఎగురుతుండగా చూశానంతే. ఇప్పుడది మొద్దును పట్టుకుని వేలాడుతూ, బెరడులోకి ముక్కు పెట్టి ఏదో చేసి, ఎగిరిపోయింది.

చాయ్ పక్కన పెట్టి కెమెరా తీశాను. లెన్సులోంచి చూస్తే అక్కడ తొర్ర లేదు. కానీ బెరడులో జానెడు మేర రంగు తేడా ఉంది. మామూలు కంటికి ఆ తేడా పట్టదు. ఒకే నలుపు రెండు సార్లు అద్దితే రెండు నలుపులు అవుతాయని తెలిసిన కళ్లు మావి. అది బెరడు కాదు, మట్టి. మట్టి మధ్యలో నిలువుగా సన్నటి చీలిక. ఈ పిట్టల్లో ఆడది గుడ్లు పెట్టే ముందు తొర్రలోకి పోయి, మట్టితో, రెట్టతో లోపలి నుంచే వాకిలి మూసేసుకుంటుందని ఫోనులో ఎన్నో వీడియోలు చూసి తెలుసుకున్నాను. ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. మగది ఆ సందులోంచే తిండి పెడుతుంది. లోపల ఆడదాని రెక్కల ఈకలన్నీ రాలిపోతాయి. మళ్లీ మొలిచేదాకా అది ఎగరలేదు.

ఉబ్బితబ్బిబ్బై బావకు చెబుదామని తిరిగేసరికి ఆయనే అన్నాడు: "గా ఏపచెట్టే నర్కిస్తున్న. శుక్రారం పొద్దుగాల రంపం మిషినోళ్లు ఒస్తుండ్రు."

ఎందుకని అడిగితే అక్క చెప్పింది. బాలింతకు పోసే నీళ్లు వేపకట్టె మీద కాగాలట. ఆమె తల్లి ఆమెకు అలాగే పోసిందట. చెట్టు ఎలాగూ ఎండిపోతోంది, ఇంతకంటే మంచి పనికి ఏ చెట్టు వస్తుంది?

"అక్కా, గా చెట్టుల ఆడపిట్ట ఉంది. లోపల్నే ఉంది. ఎగరలేదు," అన్నాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి మేకుకు వేలాడుతున్న నీలం కవరు వైపు చూశారు.

"లోపలుందా? నీకెట్ల కనవడ్డది?" అన్నాడు బావ. "గా పెద్దముక్కుది దినాం ఒచ్చి పురుగులు ఏరుకుంటది. తొర్ర గూడ లేదాడ. ఉన్నా, మిషిన్ సప్పుడుకు ఎగిరిపోదా?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "గురువారం పొద్దుగూకే లోపల మీ ఇద్దరికీ కండ్లతోని సూపెడత. సూపెట్టకపోతే మొదటి గొడ్డలి దెబ్బ నేనే ఏస్త!" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. లోపల నిజంగా పిట్ట ఉందో లేదో నేనూ చూడలేదు కదా! ఉంటే మాత్రం నా మాట మీద ఒక ప్రాణం ఆధారపడి ఉంది. పిల్లలో గుడ్లో ఉంటే అవి కూడా.

బుధవారం చీకటి విడవకముందే చెట్టు దగ్గరికి పోయాను. పిట్టలకు కనబడకుండా కూర్చోవడానికి నా దగ్గర ఒక గుడ్డ ఉంది. ఐదారు గజాల నూలు గుడ్డ, నేనే మట్టిరంగు అద్దాను. దాన్ని కర్రల మీద కప్పి, ఒక రంధ్రంలోంచి కెమెరా పెట్టి, కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఎండ వచ్చేదాకా బాగానే ఉంది. ఎండ తగిలి, గాలి లేవగానే గుడ్డ పెళపెళమని అరవడం మొదలుపెట్టింది. అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. ఉతకమని నా భార్యకిస్తే, ఆమె ఉతికి శుభ్రంగా గంజి పెట్టింది. తప్పు ఆమెది అనడానికి లేదు. గంజి పెట్టని గుడ్డ మా గడప దాటడం మా తాతల నాటి నుంచి లేదు. పైగా మడత చూసి, బాగా నిలబడుతోందని మెచ్చుకున్నది నేనే.

మగపిట్ట వచ్చింది. గొంతు ఉబ్బి ఉంది, అంటే పండ్లు మింగి తెచ్చింది. గుడ్డ ఒక్కసారి ఫెళ్లుమనగానే చెట్టు దాటి పోయి దూరంగా తుమ్మ మీద కూర్చుంది. చాలాసేపు ఎదురుచూసింది. నేను ఊపిరి బిగబట్టినా గుడ్డ బిగబట్టదు కదా. చివరికి తెచ్చిన తిండి తెచ్చినట్టే పట్టుకుని అడవిలోకి వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చింది. కాపాడతానని వచ్చినవాణ్ణి, లోపల ఉన్నదాని నోటి దగ్గరి కూడు పోగొట్టాను.

అది చాలదన్నట్టు బావ మేకలు వచ్చాయి. గంజి వాసన వాటికి నచ్చింది. ఒకటి నాకింది, ఇంకోటి కొరికింది, మూడోది గుడ్డను లాక్కుని నడవసాగింది. నడి చేన్లో, పట్టపగలు, ఒళ్లో కెమెరాతో నేను బయటపడ్డాను. మేకల వెనక వచ్చిన బావ నన్ను చూసి కడుపు పట్టుకుని కూలబడ్డాడు.

"బామ్మర్దీ, మ్యాకలకు దొరికినవ్, ఇంగ పిట్టకు దొరకవా?" అన్నాడు.

గుడ్డ లాక్కుని బోరు దగ్గరికి పోయాను. ఆరు నీళ్లలో పిండాను, రాతి మీద బాదాను, చేతులు మంటెత్తేదాకా నలిపాను. పుట్టి బుద్ధెరిగాక గుడ్డకు గంజి పెట్టడమే తప్ప తియ్యడం ఎరగను. సాయంత్రానికి అది పాత పంచెలా మెత్తబడింది. తర్వాత బావ దగ్గర పార అడిగి, చెట్టుకు ఎదురుగా గట్టు పక్కన గుంట తవ్వాను. మోకాళ్ల దాకా లోతు, అంచు మీద కూర్చునేలా. మా మగ్గం గుంట కొలతే. ఒళ్లు కదలకుండా పూటంతా కూర్చోవడం నాకు ఆ ఒక్క తీరులోనే తెలుసు. బాసింపట్టులో కూర్చుంటే గంటకే తిమ్మిరెక్కి కదిలేవాణ్ణి.

"ఏందిది, నీ బొంద నువ్వే తవ్వుకుంటున్నవా?" అన్నాడు బావ. ఎగతాళి చేస్తూనే, గుంటలోంచి తీసిన మట్టిని దూరంగా ఎత్తిపోశాడు.

గురువారం. కాళ్లు గుంటలో, మోచేతులు గట్టు మీద, కన్ను కెమెరాకు. పికిలిపిట్టలు వచ్చి నా తల మీదుగానే పోట్లాడుకుని పోయాయి. వడ్రంగిపిట్ట ఎండు కొమ్మను టకటకలాడించింది. ఇంకో రోజైతే వాటి వెంట పడేవాణ్ణి. ఆరోజు మట్టి చీలిక మీద నుంచి చూపు తియ్యలేదు. ఎండ నెత్తికెక్కుతున్న వేళ, అడవి వైపు నుంచి కీచుమన్న పిలుపు వినబడింది.

మగపిట్ట తుమ్మ మీద వాలింది. ఇటు చూసింది, అటు చూసింది. గుడ్డ మెదలలేదు. నేను మెదలలేదు. ఎగిరొచ్చి మొద్దును పట్టుకుంది, తోకను బెరడుకు ఆనించింది. గొంతులోంచి ఎర్రటి జువ్విపండు ఒకటి ముక్కు చివరికి తెచ్చి, చీలిక దగ్గర పెట్టింది.

లోపలి నుంచి ఇంకో ముక్కు వచ్చింది!

కొన మాత్రమే. వచ్చి, పండును అందుకుని, చీకట్లోకి పోయింది. మళ్లీ పండు, మళ్లీ ముక్కు. గొంతు ఖాళీ అయ్యేదాకా మగది పెడుతూనే ఉంది, లోపలిది తీసుకుంటూనే ఉంది. నాకు కళ్లు మసకలు కమ్మాయి, తుడుచుకోవడానికి చెయ్యి తియ్యలేను. కెమెరాలో ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది, అంతా ఎక్కుతోంది. పిట్ట ఎగిరిపోయాక కూడా కాసేపు అలాగే ఉండి, తర్వాత గుంటలోంచి ఎగిరి దూకాను. నా వయసు మర్చిపోయి చేనుకడ్డంగా పరిగెత్తాను. "ఉంది! ఉంది!" అని అరుస్తుంటే మేకలు చెల్లాచెదురయ్యాయి.

వాకిట్లో ఎండకు కెమెరా తెర మీద ఏమీ కనబడలేదు. అక్క విసుక్కుని, కొంగు తీసి తన తల మీదా కెమెరా మీదా కప్పుకుంది. బావ నా వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. కాసేపటికి లోపలి నుంచి అక్క గొంతు వచ్చింది.

"ఓ అయ్యో... ముక్కు! లోపల్నుంచి ముక్కొచ్చింది!"

బావ కూడా తల కొంగు కిందికి దూర్చాడు. మూడు సార్లు చూశారు. అక్క కొంగు తీసేసరికి ఆమె మొహం మారిపోయి ఉంది.

"ఎన్ని దినాలు ఉంటది తమ్మీ గట్ల?"

"రెండు నెలలన్న ఉంటదక్కా. ఈకలు మొల్సి, పిల్లలు జర ఎదిగినంక గోడ పగలగొట్టుకుని ఒస్తది."

"గంతదాక తిండి?"

"మొగుడే. ఆయన రాకుంటే ఆమె లేదు."

అక్క బావ వైపు తిరిగింది. "ఇన్నవా? నా బిడ్డ పుట్టినప్పుడు పదైదు దినాలకు మొహం జూపిచ్చినవ్ నువ్వు."

అక్క లేచి చెట్టు వైపు నడిచింది. గట్టు దగ్గర ఆగి, మొద్దు మీది మట్టిని చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. తిరిగొచ్చి పొయ్యి దగ్గర నిలబడి ఒకే మాట అంది.

"అదీ బాలింతనే. దానింటి మీద గొడ్డలేసి కాపిన నీళ్లు నా బిడ్డకొద్దు. నా మనుమరాలికి అసల్కే ఒద్దు."

నేను గెలిచాను. సంతోషం పట్టలేక అక్క కాళ్లకు దండం పెట్టాను. బావ ఫోను తీసి మిషన్ వాళ్లకు చెప్పాడు, చెట్టు వద్దు, చేనవతల సర్కారు తుమ్మలు కొట్టమని. శుక్రవారం తల్లీబిడ్డా వచ్చారు. ఆ సాయంత్రం తుమ్మకట్టె మీద నీళ్లు సలసల కాగాయి. వేపాకు మాత్రం ఆ చెట్టు పచ్చికొమ్మ నుంచే రెండు రెమ్మలు తెచ్చి వేశారు. నేను గద్వాలకు వచ్చి వీధిలో కనబడినవాళ్లందరికీ వీడియో చూపించాను. నా భార్య నాలుగు సార్లు చూసింది. గంజి సంగతి చెబితే మాత్రం ఒప్పుకోలేదు.

అయితే గెలుపు పూర్తి కాలేదని నాకు తెలుసు. ఎండలు ముదిరాయి. గాలివాన వస్తే ఆ సగం ఎండిన చెట్టు నిలుస్తుందా? మగపిట్టకు ఏమన్నా అయితే? రెండు రోజులకోసారి బావకు ఫోన్ చేసేవాణ్ణి. మొదట్లో, "నాకేం పని లేదా, నీ పిట్టకు కావలుండనీకి?" అనేవాడు. తర్వాత తర్వాత నేను అడక్కముందే, "పొద్దుగాల రెండు సార్లొచ్చిండు. పండ్లే తెచ్చిండు," అని చెప్పేవాడు. ఒకసారి ఆయనే ఫోన్ చేసి, "నిన్నటిసంది మొగోడు రాలే, పరేషానైతుంది," అన్నాడు. ఆ సాయంత్రమే మళ్లీ చేసి, "ఒచ్చిండు ఒచ్చిండు," అని పెట్టేశాడు.

వైశాఖంలో ఒక పొద్దున నేను వీపనగండ్లలో ఉన్నాను. ఒక ఇంటి అరుగు మీద చీరలు పరిచి, ఐదారుగురు ఆడవాళ్లకు అంచులు చూపిస్తున్నాను. ఫోనుకు బావ నుంచి వీడియో వచ్చింది. తెరిచాను.

ఫోను నిలకడగా పట్టడం ఆయనకు చేతకాలేదు. ముందు ఆకాశం, తర్వాత తన చెప్పులు, తర్వాత వేపచెట్టు. లోపలి నుంచి ముక్కు పొడుస్తుంటే మట్టి పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. తల బయటికి వచ్చింది, భుజం ఇరుక్కుంది, వెనక్కి పోయింది. మళ్లీ వచ్చింది. ఈసారి ఒళ్లంతా జారి బయటపడి, బెరడు పట్టుకుని వేలాడింది. రెక్కలు కొత్తగా, నలిగి ఉన్నాయి. ఎగరడానికి భయపడుతోంది. పై కొమ్మ మీద మగది కూర్చుని పిలుస్తోంది. అరుగు మీద నా చుట్టూ ఉన్నవాళ్లు చీరలు వదిలి ఫోను మీదికి వంగారు.

అప్పుడు వీడియోలో బావ గొంతు వినబడింది. నన్ను ఎగతాళి చేసే గొంతు కాదు. దవాఖాన మెట్ల మీద బిడ్డను నడిపించేటప్పుడు ఆయన మాట్లాడి ఉండే గొంతు.

"నిమ్మలంగ బిడ్డా... నిమ్మలంగ. నేనున్న."

ఆడపిట్ట కాళ్లు వదిలింది. కాస్త కిందికి జారి, రెక్కలు నిలదొక్కుకుని, చేను మీదుగా ఎగిరింది.